పరీక్షించని స్విచ్ కాపలా కాయదు

బాయిలర్ మీద, కంప్రెసర్ పక్కన, రియాక్టర్‌కు వెళ్లే పైపు మీద అరచేతిలో ఇమిడేంత డబ్బా ఒకటి ఉంటుంది. దాని పేరు ప్రెషర్ స్విచ్. పీడనం ఫలానా హద్దు దాటగానే లోపలి కాంటాక్టును తెరిచో మూసో మంట ఆర్పడం, మోటారు ఆపడం, అలారం మోగించడం దాని పని. ఆ హద్దు దాటే సందర్భం ఏడాదికోసారి రావచ్చు, పదేళ్లకూ రాకపోవచ్చు. అంతకాలమూ ఆ స్విచ్ ఏ పనీ లేకుండా కూర్చుంటుంది. చిక్కంతా అక్కడే ఉంది. పంపు చెడిపోతే గంటలో తెలుస్తుంది. మోటారు కాలితే వాసన వస్తుంది. రక్షణ కోసం పెట్టిన స్విచ్ చెడిపోతే మాత్రం ఏమీ జరగదు, ప్లాంటు నిన్న నడిచినట్టే నేడూ నడుస్తుంది. బతికున్న స్విచ్‌కూ చచ్చిన స్విచ్‌కూ పైకి తేడా కనపడదు. ఆ తేడా తెలిసేది ప్రమాదం జరిగిన రోజున, లేదా పరీక్ష పెట్టిన రోజున. అందుకే నేను చెప్పదలచుకున్నది ఇది: స్విచ్ కొని బిగించినంత మాత్రాన రక్షణ వచ్చినట్టు కాదు. పనికి తగినదాన్ని ఎంచి, గడువు ప్రకారం పీడనం పెట్టి పరీక్షించి, ఆ ఫలితాన్ని రాసిపెట్టినప్పుడే దాన్ని రక్షణగా లెక్కించాలి. మన ఫ్యాక్టరీల్లోనూ తనిఖీల్లోనూ ఈ నియమం తప్పనిసరి కావాలి.

దీని పనితీరు ఇంజనీర్లకు మాత్రమే అర్థమయ్యేదేమీ కాదు. ఒకవైపు నుంచి పీడనం ఒక పల్చటి డయాఫ్రంనో, మడతల బెల్లోస్‌నో, పిస్టన్‌నో నెడుతుంది. అటువైపు నుంచి స్ప్రింగ్ ఎదురు నెడుతుంది. స్క్రూ తిప్పి స్ప్రింగ్‌ను ఎంత బిగిస్తే స్విచ్ అంత ఎక్కువ పీడనం దగ్గర పడుతుంది. ఆ పడే చోటే సెట్ పాయింట్. పీడనం తిరిగి తగ్గేటప్పుడు స్విచ్ అదే చోట లేవదు, ఇంకొంత దిగువన లేస్తుంది. ఈ రెండింటి మధ్య ఎడాన్ని డెడ్‌బ్యాండ్ అంటారు. 6 బార్ దగ్గర మొదలై 8 బార్ దగ్గర ఆగే ఎయిర్ కంప్రెసర్‌లో ఆ ఎడం 2 బార్. దాన్ని మరీ తగ్గిస్తే మోటారు నిమిషానికోసారి మొదలై ఆగుతూ వైండింగ్ వేడెక్కుతుంది, కాంటాక్టర్ అరిగిపోతుంది. కాబట్టి రోజువారీ నియంత్రణకు వాడే స్విచ్‌కు సరిపడా ఎడం కావాలి. ప్రమాదపు హద్దు దగ్గర ఆపే స్విచ్ సంగతి వేరు. అది ఒకసారి పడితే తనంతట తాను లేవకూడదు, మనిషి వచ్చి కారణం చూసి బటన్ నొక్కితేనే లేవాలి. ఈ రెండు పనులకూ రెండు వేర్వేరు స్విచ్‌లు ఉండాలి. ఒక్కదానితోనే రెండూ నెట్టుకొస్తే, నియంత్రణ స్విచ్ చెడిన రోజునే రక్షణా పోతుంది.

ఎంపికలో మొదటి తప్పు రేంజ్ దగ్గర జరుగుతుంది. స్టోర్‌లో 0 నుంచి 40 బార్ స్విచ్ ఉంది కదా, అన్నిటికీ సరిపోతుందిలే అనుకుంటారు. ఒకే పీడనం దగ్గర మళ్లీ మళ్లీ పడేటప్పుడు వచ్చే తేడాను తయారీదారులు సాధారణంగా మొత్తం రేంజ్‌లో శాతంగా చెబుతారు. అది 1 శాతం అయితే 40 బార్ స్విచ్‌కు 0.4 బార్. కూలింగ్ వాటర్ పీడనం 1.5 బార్‌కు పడిపోగానే ఆగాల్సిన చోట అదే స్విచ్ పెడితే ఆ 0.4 బార్ తేడా సెట్ పాయింట్‌లో నాలుగో వంతుకు మించిపోతుంది. బియ్యం బస్తాలు తూచే కాటా మీద బంగారం తూచినట్టు ఉంటుంది ఆ పని. సెట్ పాయింట్ రేంజ్ మధ్య భాగంలో ఉండేలా స్విచ్‌ను ఎంచుకోవాలన్నది ఈ రంగంలో పాత పాఠం. దీనికి జోడుగా చూడాల్సింది స్విచ్ ఎంత పీడనాన్ని చెడిపోకుండా తట్టుకోగలదన్నది. వాల్వు హఠాత్తుగా మూసినప్పుడు, పంపు మొదలైనప్పుడు పైపులో పీడనం ఒక్క క్షణం ఎగిరి దిగుతుంది. గేజ్ ముల్లు దాన్ని చూపకపోవచ్చు గానీ బెల్లోస్‌కు ఆ దెబ్బ తగులుతుంది. నూనె పీడనం వందల బార్లలో ఉండి క్షణక్షణం ఎగిరిపడే హైడ్రాలిక్ యంత్రాలకు పిస్టన్ రకం, కొద్దిపాటి పీడనాన్ని సున్నితంగా పసిగట్టాల్సిన చోట డయాఫ్రం రకం వాడేది ఇందుకే.

రెండో తప్పు లోహం దగ్గర. గుంటూరు చుట్టూ మిర్చి నిల్వచేసే కోల్డ్ స్టోరేజీల్లోనూ, కోస్తాలోని రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలోనూ చల్లదనానికి అమోనియా వాడతారు. రాగి, ఇత్తడి అమోనియాకు ఆగవు, పగుళ్లు వారతాయి. గాలి కంప్రెసర్‌కు చక్కగా పనికొచ్చే ఇత్తడి స్విచ్‌ను అమోనియా లైనుకు బిగిస్తే, లీకును ఆపాల్సిన పరికరమే లీకుకు చోటవుతుంది. మూడో తప్పు మరీ చిన్నది, అందుకే మరీ ప్రమాదం. వెండి కాంటాక్టులున్న స్విచ్ 230 వోల్టుల కాంటాక్టర్‌ను హాయిగా నడుపుతుంది, ఎందుకంటే ఆ కరెంటు కాంటాక్టు మీద పేరుకునే పల్చటి మలినపు పొరను చీల్చుకుని పోతుంది. అదే స్విచ్‌ను పీఎల్‌సీ (ప్రోగ్రాం ప్రకారం యంత్రాలను నడిపే ఎలక్ట్రానిక్ కంట్రోలర్) ఇన్‌పుట్‌కు కలిపితే అక్కడ ఉండేది 24 వోల్టులు, కొద్ది మిల్లీఆంపియర్లు. పొరను చీల్చే బలం ఆ కరెంటుకు ఉండదు. స్విచ్ లోపల కాంటాక్టు కలిసినా సంకేతం అందదు. ఇలాంటి చోట బంగారు పూత కాంటాక్టులు కావాలి. పాత రిలే ప్యానెళ్లు తీసేసి పీఎల్‌సీలు పెట్టుకున్నప్పుడు ప్యానెల్ మారుతుంది, ఫీల్డులోని స్విచ్‌లు పాతవే ఉండిపోతాయి. సాల్వెంటు ఆవిర్లుండే ఫార్మా బ్లాకుల్లో వీటికి తోడు పేలుడు పదార్థాల భద్రతను చూసే కేంద్ర సంస్థ పెసో ఆమోదం ఉన్న ఫ్లేమ్‌ప్రూఫ్ డబ్బా ఉండాలి. పర్చేజ్ ఆర్డర్‌లో ‘ప్రెషర్ స్విచ్, ఒకటి’ అని రాస్తే ఈ ప్రశ్నలేవీ ఎవరూ అడగరు, తక్కువ ధర కోట్ చేసినవాడి సరుకే వస్తుంది.

సరైన స్విచ్ వచ్చాక బిగింపులో కూడా దాన్ని చంపవచ్చు. ఆవిరి లైనుకు నేరుగా బిగిస్తే వేడికి డయాఫ్రం పాడవుతుంది. మధ్యలో చుట్ట తిరిగిన సైఫన్ గొట్టం పెడితే అందులో నీరు నిలిచి వేడిని అడ్డుకుంటుంది. నీటి లైనుకు 5 మీటర్ల దిగువన స్విచ్ పెడితే మధ్య గొట్టంలోని నీటి బరువు వల్ల దాని మీద దాదాపు 0.5 బార్ అదనంగా పడుతుంది. పీడనం పెరిగితే ఆపాల్సిన స్విచ్ అయితే అది కాస్త ముందుగా పడుతుంది, పెద్ద నష్టం లేదు. పీడనం 1.5 బార్‌కు తగ్గితే ఆపాల్సిన స్విచ్ అయితే లైనులో 1 బార్‌కు దిగేదాకా అది కదలదు. బల్ల మీద చేసిన క్యాలిబ్రేషన్ తప్పు లేకుండా ఉంటుంది, ఆ సర్టిఫికెట్‌తోనే ప్లాంటుకు ముప్పు వస్తుంది. ఇక వైరింగ్. మామూలుగా కలిసి ఉండి ప్రమాదంలో తెరుచుకునే కాంటాక్టు వాడితే వైరు తెగినా, టెర్మినల్ వదులైనా యంత్రం ఆగుతుంది, లోపం ఆ నిమిషమే బయటపడుతుంది. ప్రమాదంలో మూసుకునే కాంటాక్టు వాడితే ఎలుక వైరు కొరికిన సంగతి ఏళ్ల తరబడి ఎవరికీ తెలియదు.

ఇప్పుడు అసలు విషయమైన పరీక్షకు వద్దాం. పద్ధతి ఇదీ: ముందు లైను వాల్వు మూసి స్విచ్‌ను వేరుచేయాలి. చేతి పంపుతో పీడనం పెడుతూ, స్విచ్ కంటే కనీసం నాలుగు రెట్లు కచ్చితమైన గేజ్‌ను చూస్తూ పోవాలి. ఆ గేజ్ కూడా ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబులో సరిచూసినదై ఉండాలి. కాంటాక్టుకు మల్టీమీటర్ కలిపి, సెట్ పాయింట్ దగ్గరికి వచ్చేసరికి చాలా నెమ్మదిగా పెంచాలి. ఎక్కడ పడిందో రాయాలి. తర్వాత నెమ్మదిగా తగ్గించి ఎక్కడ లేచిందో రాయాలి. ఇలా మూడుసార్లు చేస్తే స్విచ్ నిలకడ తెలుస్తుంది. ఇందులో ఆయువుపట్టు మొదటి రీడింగ్, అంటే స్క్రూ ముట్టుకోకముందు స్విచ్ ఎక్కడ పడిందన్నది. 10 బార్ దగ్గర పడాల్సిన స్విచ్ మొదటిసారి 11.5 దగ్గర పడితే, నిన్నటిదాకా ప్లాంటుకు ఉన్న రక్షణ అంతేనని అర్థం. స్క్రూ తిప్పి 10కి తెచ్చి ‘ఓకే’ అని మాత్రమే రాస్తే ఆ నిజం కాగితం మీదికే రాదు. స్ప్రింగ్ ఎందుకు జారింది, ఇదే రకం మిగతా స్విచ్‌ల పరిస్థితి ఏమిటి, పరీక్ష గడువు తగ్గించాలా అన్న ప్రశ్నలూ పుట్టవు. డబ్బా మీది స్కేలును నమ్మి సెట్ చేయడం మరో పొరపాటు, అది సుమారుగా చూపే గుర్తు మాత్రమే. పరీక్ష అయ్యాక లైను వాల్వును తిరిగి తెరిచారో లేదో రెండో మనిషి చూసి సంతకం పెట్టాలి. వాల్వు మూసి ఉంటే, అప్పుడే క్యాలిబ్రేట్ చేసిన స్విచ్ కూడా గుడ్డిదే.

గడువు ఎంత ఉండాలన్నది ఒకరి అభిప్రాయం మీద ఆధారపడేది కాదు, లెక్క ఉంది. ఒక రకం స్విచ్ సగటున 50 ఏళ్లకోసారి పైకి తెలియకుండా చెడిపోతుందనుకుందాం. ఏటా పరీక్షిస్తే అది ఎప్పుడు చెడినా సగటున ఆరు నెలల్లో దొరికిపోతుంది. అంటే అవసరం వచ్చిన క్షణాన అది చచ్చి ఉండే అవకాశం నూటికి ఒకటి. ఐదేళ్లకోసారి పరీక్షిస్తే ఆ అవకాశం నూటికి దాదాపు ఐదు అవుతుంది. బిగించాక ఎన్నడూ ముట్టుకోకపోతే ఇరవయ్యో ఏట దాదాపు మూడో వంతు. అదే స్విచ్, అదే ధర, అదే తయారీదారు. మారింది పరీక్ష ఒక్కటే. ప్రాసెస్ పరిశ్రమల రక్షణ వ్యవస్థల మీద ప్రపంచమంతా వాడే ఐఈసీ 61511 ప్రమాణం కూడా ఈ లెక్క మీదే నిలబడింది. ఆ ప్రమాణం ప్రకారం ప్రతి రక్షణ పరికరానికీ పరీక్ష గడువు ముందే నిర్ణయించి రాయాలి. అంటే ఖరీదైన స్విచ్ కొని పరీక్షించకుండా వదిలేసే యజమాని కంటే, మామూలు స్విచ్ కొని ఏటా పరీక్షించే యజమాని ప్లాంటే భద్రంగా ఉంటుంది.

ఈ మాట పట్టించుకోనందుకు ప్రపంచం చెల్లించిన మూల్యం పెద్దదే. 2005 డిసెంబర్ 11న ఇంగ్లండ్‌లోని బన్స్‌ఫీల్డ్ చమురు డిపోలో 912వ నంబరు ట్యాంకులోకి పెట్రోలు వస్తోంది. మట్టం చూపే గేజ్ ఆ తెల్లవారుజామున ఒకచోట ఆగిపోయింది. అంతకుముందు మూడున్నర నెలల్లో అది 14 సార్లు ఆగిందని దర్యాప్తులో తేలింది. గేజ్ తప్పినా ట్యాంకు నిండగానే సరఫరా ఆపేందుకు విడిగా ఒక హై లెవల్ స్విచ్ ఉంది. అదీ పనిచేయలేదు. ఆ స్విచ్‌కు పరీక్ష కోసం ఒక లీవర్ ఉంటుంది. లీవర్ సరైన స్థితిలో నిలవాలంటే దానికి తాళం వేయాలి. ఆ తాళం ఎందుకో బిగించినవారికీ, నిర్వహించేవారికీ సరఫరాదారు చెప్పలేదు. ఎవరూ కదపకుండా వేసే మామూలు తాళమనుకుని దాన్ని పెట్టలేదు. పెట్రోలు పొంగి, ఆవిరి మేఘమై అంటుకుని పేలింది. ఆదివారం ఉదయం కావడంతో ప్రాణనష్టం జరగలేదు గానీ 40 మందికి పైగా గాయపడ్డారు, డిపో రోజుల తరబడి మండింది. అది ప్రెషర్ స్విచ్ కాదు, లెవల్ స్విచ్. జాతి మాత్రం ఒక్కటే. కొన్నారు, బిగించారు, దాని సంగతి అర్థం చేసుకోలేదు.

అదే ఏడాది మార్చి 23న అమెరికాలోని టెక్సస్ సిటీ రిఫైనరీలో 15 మంది చనిపోయారు. టవర్‌లో ద్రవమట్టం పెరుగుతుంటే, మట్టం కొలిచి కంట్రోల్ రూంకు పంపే ట్రాన్స్‌మిటర్, క్యాలిబ్రేషన్ తప్పి, తగ్గుతున్నట్టు చూపింది. విడిగా పెట్టిన హై లెవల్ అలారం మోగలేదు. స్టార్టప్‌కు ముందు జరగాల్సిన పరికరాల పరీక్షను సమయం లేదంటూ పూర్తి చేయనివ్వలేదని దర్యాప్తు చెప్పింది. మన దేశానికి వస్తే, 1984 డిసెంబర్ 2 రాత్రి భోపాల్‌లో విషవాయువు లీకయ్యే ముందు 610వ నంబరు ట్యాంకు పీడనం 2 పీఎస్‌ఐ నుంచి 10కి చేరింది. షిఫ్టు మారాక వచ్చినవారు దాన్ని చూశారు. మామూలు హద్దు 25 దాకా ఉండటం ఒక కారణం, ఆ ప్లాంటులో గేజ్‌ల మాట నమ్మే అలవాటు పోవడం మరో కారణం, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. పరికరాలను సరిగా ఉంచకపోతే అవి నిజం చెప్పిన రోజున కూడా ఎవరూ నమ్మరు. 2020 మే 7న విశాఖపట్నంలో స్టైరీన్ ఆవిర్లు 12 మంది ప్రాణాలు తీసిన ఘటనలో, ట్యాంకు అడుగున మాత్రమే ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు ఉందని, మధ్యలోనూ పైనా లేదని రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ తేల్చింది. చల్లగా ఉన్న అడుగు భాగపు రీడింగ్‌తో, పైన పెరుగుతున్న వేడి తెలియలేదు. పరికరం అబద్ధం చెప్పలేదు, దాన్ని పెట్టిన చోటే తప్పు. ఎంపిక, క్యాలిబ్రేషన్, అవగాహన అనే మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా ఫలితం ఒకటేనని ఈ నాలుగు ఘటనలూ చెబుతున్నాయి.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం ఉత్పత్తి గురించి. పరీక్ష కోసం ప్లాంటు ఆపాలి, ఆపితే లక్షల నష్టం, పైగా తనిఖీలో పొరపాటున ట్రిప్ అయితే బ్యాచ్ మొత్తం పాడవుతుందంటారు. ఈ బాధ నిజమైనదే, కొట్టిపారేయకూడదు. దీనికి మార్గాలు లేకపోలేదు. కీలకమైన చోట మూడు స్విచ్‌లు పెట్టి, వాటిలో రెండు పడితేనే ట్రిప్ అయ్యేలా చేస్తే నడుస్తున్న ప్లాంటులోనే ఒక్కోదాన్ని పరీక్షించుకోవచ్చు. లైను వాల్వుతో పాటు పరీక్షకు వేరే కనెక్షన్ మొదటే పెట్టించుకుంటే ఒక స్విచ్ పని కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. ఇవేవీ కుదరని చిన్న యూనిట్లకు బాయిలర్‌ను తనిఖీ కోసం ఎలాగూ ఆపే రోజులుంటాయి. ఆ రోజుల్లో డ్రమ్ము, ట్యూబులు, సేఫ్టీ వాల్వు చూసినట్టే స్విచ్‌లనూ చూడాలి. అనవసర ట్రిప్‌ల భయానికి మన ప్లాంట్లలో కనిపెట్టిన విరుగుడు మాత్రం ఘోరమైనది. స్విచ్ టెర్మినళ్ల మధ్య చిన్న వైరు ముక్క వేసి జంపర్ చేస్తారు. షిఫ్టు మారుతుంది, వైరు మిగిలిపోతుంది. మాటిమాటికీ పడే స్విచ్ ఒక ఫిర్యాదు చేస్తోంది. డెడ్‌బ్యాండ్ చాలడం లేదనో, రేంజ్ తప్పనో, ప్రాసెస్‌లోనే తేడా ఉందనో. ఆ ఫిర్యాదు వినకుండా నోరు మూయించడం పరిష్కారం కాదు.

సేఫ్టీ వాల్వు ఎలాగూ ఉంది కదా, స్విచ్ తప్పినా అది ఊదేస్తుంది అన్నది రెండో అభ్యంతరం. సేఫ్టీ వాల్వు ఆఖరి అడ్డు. దాన్ని రోజూ వాడుకోవడానికి పెట్టలేదు. ఆవిరి అయితే బయటికి వదలవచ్చు, విషవాయువును ఎక్కడికి వదులుతాం? భోపాల్‌లో సేఫ్టీ వాల్వు తెరుచుకునే ఆ వాయువు బయటికి వచ్చింది. ఆ రాత్రి శీతలీకరణ ఆపేసి ఉంది, ఫ్లేర్ టవర్ పైపు విప్పి ఉంది. ఒక్కో అడ్డూ మిగతావి ఉన్నాయి కదా అన్న ధీమాతోనే పోయింది. ఇంకో సంగతి, పీడనం తగ్గితే వచ్చే ప్రమాదానికి సేఫ్టీ వాల్వు ఏమీ చేయలేదు. లూబ్ ఆయిల్ పీడనం పడిపోయినప్పుడు, కూలింగ్ వాటర్ ఆగి రియాక్టర్ వేడెక్కుతున్నప్పుడు ఆదుకునేది స్విచ్ మాత్రమే.

మూడో అభ్యంతరం బలమైనది. స్విచ్ అన్నదే పాతబడింది, ప్రతి క్షణం రీడింగ్ చూపుతూ తన లోపాన్ని తానే చెప్పుకునే ఎలక్ట్రానిక్ ట్రాన్స్‌మిటర్లు వచ్చాయి, వాటికి మారితే పోతుంది కదా అని. పెద్ద ప్లాంట్లలో, కీలకమైన చోట్ల ఇది సరైన సలహాయే, నేనూ సమర్థిస్తాను. రీడింగ్ కదలకుండా ఆగిపోతే కంట్రోల్ రూంలో తెలిసే వీలుంది, మెకానికల్ స్విచ్‌కు ఆ గొంతు లేదు. అయినా ట్రాన్స్‌మిటర్ వస్తే పరీక్ష అక్కర్లేదనుకోవడం పొరపాటు. గొట్టం మురికితో పూడుకుంటే ట్రాన్స్‌మిటర్ కూడా పాత పీడనాన్నే చూపుతూ ఉంటుంది. టెక్సస్ సిటీలో తప్పు చూపింది ట్రాన్స్‌మిటరే. నియంత్రణకూ రక్షణకూ ఒకే ట్రాన్స్‌మిటర్, ఒకే పీఎల్‌సీ వాడితే రెండూ ఒకేసారి పోతాయి. కరెంటు, ప్రోగ్రాం ఏవీ అక్కర్లేకుండా స్ప్రింగ్ బలంతో పనిచేసే స్విచ్‌కు విడిగా నిలబడే గుణం ఉంది. మిర్యాలగూడ పారాబాయిల్డ్ రైస్ మిల్లుల్లో, చిన్న ఫార్మా యూనిట్లలో, అపార్టుమెంట్ల ఫైర్ పంపుల మీద ఇంకా చాలా కాలం ఉండబోయేది స్విచ్‌లే. ఉన్నవాటిని సరిగా ఉంచుకోవడం రేపటి పరికరం కోసం ఆగకూడదు.

ఇదంతా మళ్లీ ఇన్‌స్పెక్టర్ రాజ్యాన్ని తేవడమే, చిన్న పరిశ్రమలు మోయలేవన్నది చివరి మాట. నేను అడుగుతున్నది కొత్త ఇన్‌స్పెక్టర్‌ను కాదు, ఒక రిజిస్టర్‌ను. చేతి పంపు, మంచి గేజ్, మల్టీమీటర్ ఉంటే పరీక్ష జరిగిపోతుంది. ఒక్క మిల్లు కొనలేకపోతే ఒక పారిశ్రామికవాడ సంఘం కొని నలుగురూ వాడుకోవచ్చు. 1923 నాటి బాయిలర్ల చట్టం స్థానంలో 2025లో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. థర్డ్ పార్టీ తనిఖీలకూ దారి ఉంది. తనిఖీ చేసేది ప్రభుత్వ అధికారైనా, ప్రైవేటు సంస్థైనా అడగాల్సిన ప్రశ్న మారాలి. ‘స్విచ్ ఉందా?’ అని అడిగితే ఉందనే జవాబు వస్తుంది. ‘పీడనం పెట్టి ట్రిప్ చేసి చూపించండి’ అని అడగాలి. బర్నర్ ఆగాలి, ఆగినట్టు కళ్లతో చూడాలి, స్క్రూ ముట్టుకోకముందు వచ్చిన రీడింగ్ రాయాలి. రెండు తెలుగు రాష్ట్రాల ఫ్యాక్టరీల శాఖలూ, బాయిలర్ల శాఖలూ ఈ ఒక్క నిబంధనను తమ తనిఖీ పత్రంలో చేర్చడానికి అడ్డేమీ లేదు.

అయితే రిజిస్టర్ దానంతటది నిజం రాయదు, మనిషి రాయాలి. ఆ మనిషి ఐటీఐలో ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ చదివినవాడో, డిప్లొమా చేసినవాడో. చాలాచోట్ల కాంట్రాక్టు మీద ఉంటాడు. సెట్ పాయింట్ 11.5 దగ్గర దొరికిందని రాస్తే సూపర్‌వైజర్ మొహం మాడ్చుకుంటాడని అతనికి తెలుసు. జంపర్ వెయ్యమని షిఫ్టు ఇన్‌ఛార్జి చెబితే వద్దనే అధికారం అతనికి లేదు. ఆ అధికారం ఇవ్వాలి. రక్షణ స్విచ్‌ను బైపాస్ చేయాలంటే ప్లాంటు మేనేజర్ రాతపూర్వక అనుమతి, గంటల్లో గడువు, ఆ గడువులో ప్రత్యామ్నాయ కాపలా తప్పనిసరి చేయాలి. చెడ్డ రీడింగ్ రాసినవాణ్ణి నిలదీయడం మాని, మెచ్చుకోవడం నేర్చుకోవాలి. ప్రమాదం జరగకముందే దాన్ని పట్టుకున్నవాడు అతనే.

మీ మిల్లులో, ఫ్యాక్టరీలో, అపార్టుమెంట్ పంపు గదిలో ప్రెషర్ స్విచ్ ఉంటే ఈ వారంలోనే నాలుగు ప్రశ్నలు అడగండి. ఇది ఏ పీడనం దగ్గర పడాలి? చివరిసారి నిజంగా పీడనం పెట్టి పరీక్షించింది ఎప్పుడు? స్క్రూ ముట్టకముందు ఎక్కడ పడింది? లైను వాల్వు ఇప్పుడు తెరిచి ఉందా? ఈ నాలుగింటికీ రాతపూర్వకంగా జవాబు దొరకకపోతే అక్కడ స్విచ్ లేదనే భావించి, వెంటనే పరీక్ష చేయించండి.